ఏ గింజ ఎలా మొలుస్తుందో చూసి విత్తుకోండి

దేవరకొండ వైపు మా ఎర్ర చెల్కలో ఒకసారి ఆముదం పెట్టాను. మంచి వాన పడింది, మర్నాడే ఎండ కాసి పైన మట్టి అట్టకట్టింది. పది రోజులైనా సాళ్లలో సగం మొలకలు కూడా తేలలేదు. విత్తనం నాసిరకమని తిట్టుకుంటూ వేలితో పెల్లగించి చూస్తే మొలకలన్నీ మెడ వంచుకుని ఆ అట్ట కిందే ఇరుక్కున్నాయి, కొన్నిటి మెడలు విరిగాయి కూడా.

ఆముదం తన పప్పునంతా నెత్తిన పెట్టుకుని పైకొస్తుంది మరి. పెసలు, బొబ్బర్లు, పత్తి, చింతగింజ కూడా అంతే. కాడ ముందు కొక్కెంలా వంగి మట్టిని చీలుస్తుంది, ఆ తర్వాతే నిటారై బద్దలు విప్పుతుంది. వీటిని మరీ లోతుగా పెట్టకండి. అట్టకట్టిందంటే ముళ్లకంప తెచ్చి పైపైన లాగండి, కుండీలో అయితే నీళ్లు చిలకరిస్తే చాలు.

కంది, శనగ అలా కాదు. బద్దలు మట్టిలోనే ఉండి సన్నని మొగ్గ ఒక్కటే పైకొస్తుంది కాబట్టి కాస్త లోతుగా పడ్డా తట్టుకుంటాయి, కొసను పురుగు కొరికినా కింది కణుపు నుంచి మళ్లీ చిగురు రావచ్చు. పల్లీ ఈ రెండిటికీ మధ్యలో, బద్దలు నేలమట్టం దాకా వచ్చి ఆగుతాయి. దానికి అసలు జాగ్రత్త ఒలిచేటప్పుడే కావాలి: ఎర్ర పొర ఊడినవి, బద్ద విడినవి ఏరేసి వేయించుకోండి.

జొన్న, మక్కలు సూదిలా పొడుచుకొస్తాయి, ఆ సూది లోపలి లేత ఆకుకు ఒర. వడ్లదీ అదే జాతి. 24 గంటలు నానబెట్టి, నీళ్లు వంపేసి, తడి గోనెసంచిలో ఇంకో 24 గంటలు మండె కట్టి (మూటగట్టి మొలకెత్తనిచ్చి), తెల్ల ముక్కు కనబడగానే మడిలో చల్లేయాలి. నీళ్లలోనే మరిచిపోతే గాలి అందక మొలక పొడుగ్గా సాగుతుంది, వేరు మాత్రం సరిగా రాదు.

ఏదైనా సరే, ముందు 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి నీడన ఉంచండి. వారం పది రోజుల్లో వడ్లు 80, పల్లీలు 70 కన్నా తక్కువ మొలిస్తే వేరే విత్తనం చూసుకోండి.

ఇక తాటి టెంక అన్నిటికీ రివర్స్. అది ముందు కిందికి దిగుతుంది. టెంకలోంచి గొట్టంలాంటి కాడ వచ్చి మొలకను మట్టిలోకి మోసుకుపోతే అక్కడ గేగు (తేగ) ఊరుతుంది. అందుకే గేగుల కోసం గుల్ల మట్టి ఎత్తుగా పోసి దాని మీద టెంకలు పరుస్తారు, భాద్రపదంలో పరిస్తే సంక్రాంతికల్లా తవ్వుకోవచ్చు. చెట్టే కావాలంటే మాత్రం టెంకను దాని చోటులోనే పాతండి, గేగు దిగాక పీకి ఇంకో దగ్గర నాటితే బతకడం కష్టం.