చూడి ఆవుకు దాణా ఆపేశారా? ఈనకముందే సరిదిద్దుకోండి

ఈనిన వారానికే ఆవు దాణా ముట్టడం లేదు, పాలు సగానికి పడిపోయాయి, డాక్టరు కీటోసిస్ (ఒంట్లోని కొవ్వు అతిగా కరగడంతో వచ్చే జబ్బు) అన్నారు. ఇలాంటి కబుర్లు మళ్లీ మొదలయ్యాయి. మందులు ఈనాక వాడతారు గానీ, ఈ కష్టానికి బీజం చాలాసార్లు అంతకు రెండు నెలల ముందే, పాలు ఎండగట్టిన (ఈతకు ముందు పితకడం ఆపిన) రోజుల్లోనే పడుతుంది.

చూడి ఏడో నెల నిండాక పాలు ఎండగట్టేటప్పుడు వారం పది రోజులు దాణా తగ్గించడం సబబే. తగ్గించకపోతే పాలు ఊరుతూనే ఉండి పొదుగు బిగుస్తుంది, వాపు వస్తుంది. కానీ పొదుగు వడలగానే దాణా మళ్లీ మొదలుపెట్టాలి. అది మొదలుపెట్టకపోవడమే సంకరజాతి ఆవుల కొంప ముంచుతున్న తప్పు. పాలివ్వని ఆవుకు దాణా దండగనుకుని, ఈనేదాకా వట్టి గడ్డి మీద వదిలేస్తున్నారు.

కడుపులో దూడ బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చివరి మూడు నెలల్లోనే పెరుగుతుంది. తల్లి ఒంటికి రోజూ కావలసిన శక్తికి తోడు, అందులో మూడో వంతు దాకా ఇంకా కావాలి. మరోపక్క దూడ, ఉమ్మనీరు కలిసి పొట్టను నొక్కేయడంతో మేత పట్టే చోటు తగ్గుతుంది. ఎక్కువ కావలసిన రోజుల్లోనే ఆవు తక్కువ తింటుందన్నమాట. వరిగడ్డితో ఆ లోటు పూడదు. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే.

400 కిలోల ఆవుకు చివరి రెండు నెలలు రోజుకు 20 కిలోల పచ్చిమేత, 3 కిలోల ఎండుగడ్డి, 2 కిలోల దాణా కావాలి. పచ్చిమేత అసలే లేకపోతే 6 కిలోల ఎండుగడ్డికి 3 కిలోల దాణా పెట్టండి, రెండు పూటలుగా పంచి. తొలిచూలు పెయ్య ఇంకా తానూ ఎదుగుతుంటుంది కాబట్టి దానికి మరో అరకిలో కలపండి.

దాణా ఆపేసిన ఆవు ఈనాక పాల కోసం ఒంట్లోని కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కొవ్వంతా ఒక్కసారిగా కాలేయం మీద పడుతుంది. ఆవు దాణా వదిలేసి గడ్డి మాత్రం కొరుకుతుంది, శ్వాసలో తియ్యటి వాసన వస్తుంది. ఇదే కీటోసిస్. అప్పుడు కంగారుపడి ఒకేసారి నాలుగైదు కిలోల దాణా పోస్తారు. రెండు నెలలుగా గడ్డికే అలవాటుపడిన పెద్దపొట్ట దాన్ని అరిగించలేదు. లోపల పులిసి, నెమరు ఆగి, ఆవు ఇంకా కుంగిపోతుంది. పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త దాణాకు అలవాటుపడాలంటే రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే ఈనడానికి మూడు వారాల ముందు నుంచి నాలుగు రోజులకోసారి పావుకిలో చొప్పున పెంచుతూ 3 కిలోల దాకా తీసుకెళ్లాలి. పచ్చిమేత లేక ఇప్పటికే 3 కిలోలు పెడుతుంటే అక్కడే ఆగండి.

అలాగని కొవ్వెక్కించొద్దు. పక్కటెముకలు కంటికి కనబడకుండా, చేత్తో నొక్కితే తగిలేలా ఉంటే ఒళ్లు సరిగ్గా ఉన్నట్టు. బాగా బలిసిన ఆవుకు ఈనడం కష్టం, కీటోసిస్ ముప్పూ ఎక్కువే. అయినా ఈ చివరి నెలల్లో మేత కోసి సన్నబరచాలని చూడొద్దు. ఒళ్లు తగ్గించాల్సింది పాలిచ్చే కాలం చివర్లో.

ఇక కాల్షియం. ఆవు రక్తంలో తిరిగే కాల్షియం మూడు నాలుగు గ్రాములే. పది లీటర్ల జున్నుపాలలో పోయేది 20 గ్రాముల పైమాటే. ఆ లోటు పూడాలంటే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే యంత్రాంగం చురుగ్గా ఉండాలి. చూడితో ఉండగా కాల్షియం మందు సీసాలకు సీసాలు తాగిస్తే ఆ యంత్రాంగం మొద్దుబారుతుంది, ఈనగానే రక్తంలో కాల్షియం పడిపోయి, పాలజ్వరంతో ఆవు కూలబడుతుంది. మూడో ఈత దాటిన ఆవుల్లో ఇది ఎక్కువ.

చివరి మూడు వారాల్లో కాల్షియం సీసాలు ఆపండి.
అప్పుడే లూసర్న్ లాంటి పప్పుజాతి మేతలు తగ్గించండి.
లవణ మిశ్రమం అంతకుముందు వరకు రోజుకు 50 గ్రాములు. ఆ తర్వాత ఏది వాడాలో పశువైద్యుణ్ని అడగండి.
పొదుగు దగ్గర నీరు దిగితే ఉప్పు తగ్గించండి, దాణా పెంచడం ఆపండి.
బూజు పట్టిన గడ్డి వేయొద్దు, చూడి పోతుంది. బూజు పట్టిన నూనెగింజల చెక్కా అంతే.
లేత జొన్న, నీళ్లందక వడలిన జొన్న కోసి వేయొద్దు, విషం.
పాలు ఎండగట్టాక రెండో వారానికి దాణా మళ్లీ మొదలైందా? ఇవాళే చూసుకోండి.
ఎండగట్టాక ఆపిన దాణా ఈనాక పోస్తే సరిపోదు.
ఈనాక రెండు రోజులకోసారి అరకిలో మించి పెంచొద్దు.
దాణా రకం మార్చాల్సి వస్తే పది రోజులు కలిపి పెట్టండి.
నరంలోకి కాల్షియం మీరు ఎక్కించొద్దు. వేగంగా పోతే గుండె ఆగుతుంది.
ఈనాక చెవులు చల్లబడి, మెడ పక్కకు తిప్పుకుని పడుకుంటే అది పాలజ్వరం కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా డాక్టరును పిలవండి.
పడిపోయిన ఆవు నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు ఒరిగిపోకుండా గడ్డిమూటలు ఆనించి, రొమ్ము మీద కూర్చోబెట్టి, డాక్టరును పిలవండి.