ఒంటిని చదువుదాం – 4వ పాఠం: పెదవి మీద రవ్వ గింజలు

కిందటి పాఠంలో పుట్టుమచ్చల్ని స్కేలుతో కొలిచి రాసుకోమన్నాను. ఆ కాగితం పారేయకండి, ఆరో పాఠంలో మళ్ళీ కావాలి. ఈ పాఠానికి ఒక చేతి అద్దం, కిటికీ దగ్గర పగటి వెలుతురు, గడియ పెట్టుకునే గది ఉంటే చాలు.

శ్రీకాకుళంలో ఒక చర్మవ్యాధుల డాక్టరు దగ్గర చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. కోడి రామమూర్తి స్టేడియంలో ఆర్మీ సెలక్షన్లకి పరుగు ప్రాక్టీసు చేసే ఒక కుర్రాడు మధ్యాహ్నం వరకూ బయట బెంచీ మీదే కూర్చున్నాడు. టోకెన్ పిలిచినా లోపలికి రాలేదు. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, "సిస్టర్, మెడికల్‌లో తీసేస్తారా?" అన్నాడు. ఏమిటని అడిగితే తల దించుకున్నాడు. డాక్టరుగారు చూడటానికి అర నిమిషం పట్టింది. వృషణాల సంచి మీద తెల్లటి సన్న గింజలు, అంతే. జబ్బు కాదు. కానీ ఎవరో స్నేహితుడు పులిపిర్లని చెప్తే వాటి మీద సున్నం రాశాడు. ఆ కాలిన చోటు మానడానికి రెండు వారాలు పట్టింది. ఆ పిల్లాడి ముఖం గుర్తొచ్చే ఈ పాఠం రాస్తున్నాను.

అలాంటి గింజలే పెదవి మీదా ఉంటాయి, ముందు పెదవితో మొదలుపెడదాం. అద్దం పట్టుకుని కిటికీ వైపు తిరగండి. పై పెదవిని రెండు వేళ్ళతో మెల్లగా సాగదీయండి. పెదవి ఎరుపు, మూతి చర్మం కలిసే గీత దగ్గర, చర్మం కింద ఉప్మా రవ్వ చల్లినట్టు లేత పసుపు చుక్కలు కనిపిస్తున్నాయా? వేలితో రాస్తే ఊడిరావు. పెదవి వదిలేస్తే సగం మాయమవుతాయి. ఇప్పుడు బుగ్గ లోపల చూడండి, అక్కడా ఉండొచ్చు. వీటిని ఫోర్డైస్ చుక్కలంటారు. అమెరికా చర్మవైద్యుడు జాన్ అడిసన్ ఫోర్డైస్ 1896లో వీటి గురించి రాశారు, ఆ పేరే నిలిచింది.

అవి నూనె గ్రంథులు. మన చర్మంలో నూనె గ్రంథి మామూలుగా వెంట్రుక కుదురును అంటిపెట్టుకుని ఉంటుంది. పెదవి మీద వెంట్రుకలు లేవు కదా, అక్కడ గ్రంథి ఒక్కటే ఉంటుంది, పైన చర్మం పలచన కాబట్టి కనిపిస్తుంది. పుట్టుకతోనే ఉన్నా, ఈడొచ్చాక హార్మోన్ల వల్ల పెరిగి కంటికి ఆనతాయి. ఒక్కోటి ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పెద్దవాళ్ళలో నూటికి డెబ్భై ఎనభై మందికి ఉంటాయి. అంటుకోవు, ముద్దు వల్ల రావు, మురికి వల్ల రావు. "వేడి చేసింది" అని మజ్జిగ తాగితే తాగండి, మంచిదే, కానీ వీటికీ వేడికీ సంబంధం లేదు. మూతి పేలడం వేరు. అందులో మంట, నీటి పొక్కులు గుంపుగా రావడం, తర్వాత చెక్కు కట్టడం ఉంటాయి.

నోరు తెరిచారు కాబట్టి అంగిలి కూడా చూడండి. మన తీరప్రాంతపు ఊళ్ళలో అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళ అంగిలి మీద తెల్లటి మచ్చలు, ఎర్రటి చుక్కలు కనిపిస్తే అది ఈ పాఠంలోది కాదు. వెంటనే డాక్టరుకి చూపించాలి. క్యాన్సర్‌గా మారొచ్చు.

ఇక గడియ వేసుకుని చూసే చోటు. మగవాళ్ళలో పురుషాంగం మీద, వృషణాల సంచి మీద ఈ నూనె గింజలే ఉంటాయి. చర్మం సాగదీస్తే ఈకలు పీకిన కోడి చర్మంలా కనిపిస్తుంది. కొందరికి పురుషాంగం తల అంచు చుట్టూ చిన్న ముత్యాలు గుచ్చినట్టు ఒకటో రెండో వరసలు ఉంటాయి. అన్నీ ఒకే సైజు, నున్నగా ఉంటాయి. అవీ పుట్టుతత్వమే. వయసు పెరిగే కొద్దీ తగ్గుతాయి.

ఆడవాళ్ళలో యోని పెదవుల మీద పసుపు చుక్కలు, లోపలి అంచున గులాబీ రంగు మెత్తటి మొనలు ఉండొచ్చు. ఇక్కడ జాగ్రత్తగా చూడటం నేర్చుకోవాలి, ఎందుకంటే వీటిని చూసి లైంగిక వ్యాధి అనుకుని కొత్త పెళ్ళికూతుళ్ళు ఏడవడం, మొగుళ్ళు అనుమానపడటం నేను చూశాను. మామూలు మొనలైతే రెండు వైపులా సరిసమానంగా ఉంటాయి, ప్రతి మొనకీ దాని మొదలు దానికే ఉంటుంది. వ్యాధివల్ల వచ్చిన పులిపిర్లు అలా కాదు. ఒకే మొదలు నుంచి నాలుగైదు పుట్టి కాలీఫ్లవర్ పువ్వులా గుబురుగా, అడ్డదిడ్డంగా పెరుగుతాయి. నెల నెలకీ కొత్తవి వస్తాయి.

"నొప్పి లేదుగా, ఏం కాదు" అనే మాట నమ్మకండి. పులిపిర్లూ నొప్పి పెట్టవు. సిఫిలిస్ అనే లైంగిక వ్యాధిలో వచ్చే మొదటి పుండూ గట్టిగా, నొప్పి లేకుండా వచ్చి కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది, రక్త పరీక్షలోనే తేలుతుంది. బొడ్డులా మధ్యలో చిన్న గుంట ఉన్న నున్నటి గుల్లలు వేరే వైరస్‌వి, అంటుకుంటాయి. పుండు, నీటి పొక్కు, రక్తం, వాసన, కొత్తగా పెరగడం, వీటిలో ఏది కనిపించినా, లేదా ఏదో తేల్చుకోలేకపోయినా చూపించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటుంది, అక్కడ వీటికి పరీక్ష, మందులు ఉచితం. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోను చేసినా చెప్తారు.

నూనె గింజల్ని గిల్లకండి. గిల్లితే వెన్నలాంటి తెల్లటిది వస్తుంది, మర్నాడు వాస్తుంది, గింజ మళ్ళీ నిండుతుంది. సున్నం, నిమ్మరసం, టూత్‌పేస్టు వద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు అసలే వద్దు, అక్కడి చర్మం పలచబడిపోతుంది. అందం కోసం లేజర్‌తో తీసేవాళ్ళున్నారు, మచ్చ పడే ప్రమాదమూ ఉంది. నన్నడిగితే వదిలేయమంటాను.

ఈ వారం పని: ఇవాళ చూసినవి ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. నెల తర్వాత అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో మళ్ళీ చూడండి. వచ్చే పాఠం గజ్జల్లో తామర గురించి. బెల్టు బిగుతుగా కట్టే అలవాటున్నవాళ్ళు ముందే ఒకసారి నడుము చుట్టూ చూసుకుని రండి.