పచ్చి ఆలివ్ చేదు తీసే పద్ధతి

కాలిఫోర్నియాలోని డేవిస్‌లో మా పక్కింటి పెరట్లో ఆలివ్ చెట్టుంది. సెప్టెంబరు చివర్లో వాళ్ళు బకెట్ నిండా కాయలు తెచ్చి, "మీరు ఊరగాయలు పెడతారుగా" అని ఇచ్చి వెళ్ళారు. ఒకటి కొరికి చూశాను. కాకరకాయ ఎంతో నయం!

ఆ చేదు కాయలో ఉండే ఒల్యూరోపీన్ అనే పదార్థం వల్ల. పురుగూ బూజూ ముట్టకుండా చెట్టు తన కాయకి పెట్టుకున్న కాపలా అది. యాంటీ ఆక్సిడెంట్ కూడా అదే. దాని దెబ్బకి పులియబెట్టే మంచి బ్యాక్టీరియా కూడా వెనకాడుతుంది. అందుకే చేదు తీయకుండా కాయల్ని ఉప్పునీళ్ళలో వేస్తే ఊరడానికి నెలలు పడుతుంది. నాకంత ఓపిక లేదు కాబట్టి నీళ్ళ పద్ధతి.

కాయ ఆకుపచ్చగా ఉండి, పిండితే పాలలాంటి రసం రావాలి. తొక్క మీద చిన్న మచ్చ, లోపల సొరంగం కనిపిస్తే ఆలివ్ ఈగ పనే, పారేయండి. మంచి కాయని పొత్రంతో ఒక్కటి వేయండి. ఆవకాయ కత్తిపీట దెబ్బ కాదు, అల్లం చితక్కొట్టే దెబ్బ. గుజ్జు పగలాలి, లోపలి గింజ పగలకూడదు. పగిలిన చోట గాలి తగిలితే వంకాయ ముక్కలా నల్లబడుతుంది, అందుకని వెంటనే నీళ్ళలో వేసేయాలి. పైకి తేలకుండా మీద ఒక పళ్ళెం బోర్లించండి.

ఆరేడు రోజులు రోజూ నీళ్ళు మార్చాలి. మొదటి ఏడాది నేను రెండు రోజులు బద్ధకించాను. గిన్నెలో చెయ్యి పెడితే జిగురు! మొత్తం పారబోశాను.

ఏడో రోజు కొరికి చూడండి. కాస్త చేదు మిగిలితేనే రుచి. నీళ్ళతో పాటు కాపలా కూడా చాలావరకు కొట్టుకుపోయింది కాబట్టి ఇప్పుడా పని ఉప్పూ పులుపూ చెయ్యాలి. గాలన్ (దాదాపు 3.8 లీటర్లు) చల్లటి నీళ్ళకి ఒకటిన్నర కప్పు అయోడిన్ లేని ఊరగాయ ఉప్పు, రెండు కప్పుల వైట్ వైన్ వెనిగర్ కలపండి. నాలుగున్నర కిలోల కాయలకి సరిపోతుంది. కాయలు పూర్తిగా మునగాలి, జాడీ ఫ్రిజ్‌లోనే ఉండాలి. నాలుగు రోజులకి తినొచ్చు.

తెనాలి నుంచి అత్తయ్య వీడియోలో చూసి, "నూనె తేలకుండా ఊరగాయేమిటే, బూజు పట్టదూ!" అంది. ఆవకాయకి మామిడి పులుపు అండగా ఉంటుంది అత్తయ్యా, దీనికి సొంత పులుపు లేదు అన్నాను. పులుపు చాలని కాయ మీద నూనె పోసి బయట పెడితే, గాలి ఆడని చోట పెరిగి విషం చిమ్మే బోట్యులిజం క్రిమికి మనమే ఇల్లు కట్టిచ్చినట్టు. 1919లో సరిగ్గా ఉడకని కాలిఫోర్నియా డబ్బా ఆలివ్‌లు తిని ఒహాయో, మిషిగన్‌లలో జనం చనిపోయింది ఈ విషంతోనే. నూనె కావాలంటే తినేముందు పళ్ళెంలో చుక్క వేసుకోండి.

పక్కన గుప్పెడు వేయించిన బాదం పెడతాను, తొక్కతోనే. బాదంలో యాంటీ ఆక్సిడెంట్‌లుగా పనిచేసే వగరు పదార్థాలు ఎక్కువగా ఉండేది తొక్కలోనే. మా ఆయన మాత్రం ఇప్పటికీ నానబెట్టి ఒలుచుకునే తింటారు.