విజయనగరంలో కూర్చుని బాఖ్‌నీ హైడన్‌నీ వినడం ఎలా?

విజయనగరానికి వినే చెవి కొత్త కాదు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల, దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, అక్కడ వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఈ ఊరికి ఒక అలవాటు చేసి వెళ్లారు. ఒకే కృతిని ఇద్దరు పాడితే ఎవరు ఎక్కడ ఆగారు, ఏ సంగతి ఎవరు వదిలేశారు అని మాట్లాడుకునేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. బాఖ్, హైడన్ లాంటి స్వరకర్తల పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినడానికి కావలసింది సరిగ్గా ఈ అలవాటే. అలాంటివాళ్లు కూడా యూట్యూబ్‌లో 'బెస్ట్ ఆఫ్ మొజార్ట్' అని కొట్టి, పని చేసుకుంటూ రెండు గంటలు వెనకాల మోగనిచ్చి, 'బాగానే ఉంది గానీ అంతా ఒకేలా ఉంది' అంటుంటారు. అలా వింటే ఏ సంగీతమైనా ఒకేలాగే ఉంటుంది.

నేను చెప్పే పద్ధతి వేరు. రెండే రెండు రచనలు తీసుకోండి. ఒక్కోదాన్ని మూడు నాలుగు రికార్డింగుల్లో వినండి. ఆర్కెస్ట్రా జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. డెబ్బై ఎనభై మంది వాయించింది ఫోన్‌లో విన్నప్పుడు ముద్దగా వినిపించే ప్రమాదం ఎక్కువ. ఒక్క పియానో అయితే, లేదా నలుగురే వాయించే స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, కాస్త పెద్దదైన వయోలా, ఇంకా పెద్దదైన సెల్లో) అయితే, ప్రతి స్వరధారనూ విడిగా పట్టుకోవచ్చు.

1. చోటు, సమయం చూసుకోండి

ఈ సంగీతంలో పెద్ద శబ్దానికీ చిన్న శబ్దానికీ మధ్య తేడా చాలా ఎక్కువ. నెమ్మదిగా వాయించే భాగాలను సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే మింగేయగలదు. గంటస్తంభం వైపో, మూడు లాంతర్ల దగ్గరో ఇల్లయితే పగలు ఆశ పెట్టుకోవద్దు. తెల్లవారుజామున గానీ, రాత్రి పది దాటాక గానీ వినండి.

ఫోన్ స్పీకర్‌లో వినకండి. సెల్లోలో అన్నిటికన్నా కింది స్వరం దాదాపు 65 హెర్ట్జ్, పియానోలో 27.5 హెర్ట్జ్. అంత చిన్న స్పీకర్ వాటిని పలికించలేదు. నలుగురిలో ఒకరు గదిలో లేనట్టే అవుతుంది. మామూలు వైరు ఇయర్‌ఫోన్ చాలు. బాస్ బూస్ట్, ఈక్వలైజర్, సరౌండ్ లాంటివన్నీ ఆపేయండి. షఫుల్ తప్పకుండా ఆపాలి, లేకపోతే మూడో భాగం ముందూ మొదటి భాగం తర్వాతా వస్తాయి. వాల్యూమ్‌ను బాగా గట్టిగా వాయించే చోట సర్దుకుని ఇక ముట్టుకోకండి. నెమ్మది భాగం వచ్చినప్పుడు పెంచాలనిపిస్తుంది, పెంచొద్దు. ఆ నెమ్మది కూడా రచనలో భాగమే.

డేటా గురించి: 128 కేబీపీఎస్‌లో నిమిషానికి సుమారు 1 ఎంబీ, 320లో సుమారు 2.4 ఎంబీ అవుతుంది. అరగంట క్వార్టెట్‌ను 320లో డౌన్‌లోడ్ చేసుకుంటే 72 ఎంబీ. వినే మధ్యలో నెట్ ఆగిపోతే మనసు విరిగిపోతుంది కాబట్టి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం మంచిది.

2. పేరుతో వెతకొద్దు, నంబరుతో వెతకండి

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. 'మూన్‌లైట్ సొనాటా' అన్న పేరు బీథోవెన్ పెట్టింది కాదు, ఆయన పోయాక వాడుకలోకి వచ్చింది. ఆ పేరుతో వెతికితే వాన చప్పుడు కలిపినవి, గంటసేపు అదే తిప్పితిప్పి వేసినవి, సగానికి కోసినవి వస్తాయి. ఓపస్ (స్వరకర్త రచనలకిచ్చిన వరస సంఖ్య) 27, నెం. 2 అని వెతికితే అసలు రచన, మూడు భాగాలతో, వాయించినవారి పేరుతో సహా దొరుకుతుంది.

బీథోవెన్‌కి ఓపస్ నంబర్లు వాడతారు. బాఖ్‌కి బీడబ్ల్యూవీ, మొజార్ట్‌కి కె, షూబర్ట్‌కి డి అన్న అక్షరాల తర్వాత నంబరు ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో స్వరకర్త పేరు, నంబరు, వాయించినవారి పేరు, ఈ మూడూ కలిపి టైప్ చేయండి.

సంవత్సరం దగ్గర మాత్రం జాగ్రత్త. యాప్‌లో కనిపించేది చాలాసార్లు మళ్లీ విడుదల చేసిన ఏడాది. 1930లలో వాయించినదాని పక్కన 2000 తర్వాతి ఏడాది కనిపించవచ్చు. రికార్డు చేసిన ఏడాది కోసం ఆల్బమ్ వివరాలు చదవండి.

3. హైడన్‌తో మొదలుపెట్టండి

మొదటి రచనగా హైడన్ రాసిన ఓపస్ 76, నెం. 3 స్ట్రింగ్ క్వార్టెట్ తీసుకోండి. మొత్తం ఇప్పుడే వద్దు, రెండో భాగం ఒక్కటే. అందులోని పాటను హైడన్ 1797లో ఆస్ట్రియాను ఏలిన చక్రవర్తి ఫ్రాన్సిస్ కోసం కట్టాడు. అదే వరస తర్వాత జర్మనీ జాతీయగీతానికి వచ్చింది. వరస జి మేజర్‌లో ఉంటుంది, అంటే మన ధీరశంకరాభరణం స్వరాలే. కాబట్టి మొదటిసారే చెవికి పరిచయంగా తగులుతుంది.

ఈ భాగాన్నే ఎందుకు ఎంచుకోమంటున్నానంటే, వరస మొదటినుంచి చివరిదాకా మారదు. దాన్ని మోసే వాద్యం మారుతుంది, చుట్టూ ఉన్నది మారుతుంది. ముందు మొదటి వయొలిన్ పాటను చెబుతుంది, మిగతా ముగ్గురూ తోడుంటారు. తర్వాత రెండో వయొలిన్ అందుకుంటుంది. అప్పుడు వాయించేది ఇద్దరే, మొదటి వయొలిన్ పైన సన్నగా, వేగంగా అల్లుకుంటూ పోతుంది. మూడోసారి సెల్లో. నాలుగోసారి వయోలా. చివరికి పాట మళ్లీ మొదటి వయొలిన్‌కి వస్తుంది, కానీ ఈసారి నలుగురి కలయిక బాగా చిక్కబడి ఉంటుంది.

ఒకేరోజు ఇలా వినండి. మొదటిసారి పాటను మాత్రమే వెంబడించండి, ఎవరి చేతిలో ఉందో మనసులో చెప్పుకోండి. రెండోసారి పాటను పూర్తిగా వదిలేసి సెల్లో ఒక్కదాన్నే వినండి. ఇది కష్టం, చెవి మాటిమాటికీ పాట వైపు పరిగెడుతుంది. మూడోసారి వయోలాను వినండి. వయొలిన్‌కీ సెల్లోకీ మధ్య దాగి ఉండే ఆ గొంతు దొరికిన రోజున క్వార్టెట్ వినడం వచ్చేసిందనే చెప్పొచ్చు. మన కచేరీలో ప్రధాన కళాకారుడు, పక్కవాద్యాలు అన్న అమరిక ఉంటుంది. ఇక్కడ ఆ నాయకత్వం నలుగురి మధ్యా తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు రికార్డింగులు మార్చండి. తకాచ్ క్వార్టెట్‌ది, అమెడియస్ క్వార్టెట్‌ది, మొజాయిక్ క్వార్టెట్‌ది వినండి. చివరివాళ్లు పాత పద్ధతిలో నరం తీగలు కట్టిన వాద్యాలతో వాయిస్తారు. అందులో ధ్వని కొంచెం గరుకుగా, దగ్గరగా ఉంటుంది, స్వరాన్ని ఊపడం తక్కువ. అమెడియస్‌వాళ్ల ధ్వనిలో ఆ ఊపు, తియ్యదనం ఎక్కువ. నాకు ఈ భాగం వరకు నరం తీగల రికార్డింగే ఇష్టం. సెల్లో పాట అందుకున్నప్పుడు మనిషి పాడినట్టే ఉంటుంది. మీకు అమెడియస్ నచ్చితే తప్పేమీ లేదు, ఎందుకు నచ్చిందో చెప్పగలిగితే చాలు.

4. మన చెవికి కొరతగా తోచేవి

కర్ణాటక సంగీతం విన్నవారికి రెండు విషయాలు వెంటనే ఇబ్బంది పెడతాయి. మొదటిది గమకం లేకపోవడం. స్వరం నిలబడిన చోటే నిలబడుతుంది. వయొలిన్ అదే అయినా అక్కడ నాలుగు తీగలూ పంచమం తేడాతో జి, డి, ఎ, ఇ అని శ్రుతి చేస్తారు. మనం సా పా సా పా అని చేస్తాం. దీనికి త్వరగానే అలవాటు పడతాం.

రెండోది కాస్త లోతైనది. తంబురా లేదు. అంతకన్నా ముఖ్యం, షడ్జం ఒకచోట ఉండదు. గ్రహభేదం (రాగంలో వేరే స్వరాన్ని సా అనుకుని చూడడం) తెలిసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ మొదట్లో వచ్చే ఏరియా (పాటలాంటి చిన్న భాగం) చూడండి. జిని సా అనుకుని మొదలుపెట్టండి. 32 బార్లలో (తాళపు ఆవర్తాల్లాంటివి) మొదటి సగం ముగిసేసరికి పంచమమే సా అయి కూర్చుంటుంది. రెండో సగంలో ధైవతం మీద కాసేపు మైనర్ (కాస్త దిగులుగా తోచే) నీడ పడుతుంది, ఆఖరికి మళ్లీ జికి చేరుకుంటుంది. 'సా ఎక్కడికి పోయింది' అని వెతుక్కుంటూ వినండి. ఈ సంగీతంలో కథ నడిచేదంతా ఆ వెతుకులాటలోనే.

5. గోల్డ్‌బర్గ్: ఒకే మనిషి, రెండు రికార్డింగులు

రెండో రచన ఇదే, బీడబ్ల్యూవీ 988. 1741లో అచ్చయింది. ఒక ఏరియా, 30 వేరియేషన్లు, చివర మళ్లీ అదే ఏరియా. వేరియేషన్లలో పైన వినిపించే పాట మారిపోతూ ఉంటుంది. కింద ఎడమచేతి నడక, ఇందాక చెప్పిన షడ్జం ప్రయాణం మాత్రం అలాగే ఉంటాయి.

కెనడా పియానిస్టు గ్లెన్ గౌల్డ్ దీన్ని 1955లో, 22 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో రికార్డు చేశాడు. మళ్లీ 1981లో చేశాడు, మరుసటి ఏడాది అక్టోబరులో పోయాడు. మొదటిది 38 నిమిషాలు, రెండోది 51. ముందు రెండింటిలోనూ ఏరియా ఒక్కటే పక్కపక్కన పెట్టి వినండి. 1955లో రెండు నిమిషాల లోపే అయిపోతుంది. 1981లో మూడు నిమిషాలు దాటుతుంది. రెండోదాంట్లో స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీని ఆయన ఎంత ఓపికగా పట్టుకున్నాడో గమనించండి. వెనకాల సన్నగా ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తే మీ ఇయర్‌ఫోన్ పాడవలేదు, అది గౌల్డ్ గొంతే. వాయిస్తూ పాడుకోవడం ఆయన అలవాటు.

నిడివి చూసి వేగం గురించి తీర్పు చెప్పేయకండి. బాఖ్ ప్రతి సగాన్నీ రెండుసార్లు వాయించమని గుర్తు పెట్టాడు. గౌల్డ్ 1955లో ఆ పునరావృత్తులన్నీ వదిలేశాడు. వాటిని పాటించిన పియానిస్టు ముర్రే పెరాయా రికార్డింగు 70 నిమిషాలు దాటుతుంది. అది హడావిడి లేని, వెచ్చని వాయింపు. మొత్తం రచన ఒకేసారి కూర్చుని వినాలనుకుంటే నేను అదే చెబుతాను.

తర్వాత హార్ప్సికార్డ్ మీద వినండి. బాఖ్ ఈ రచనను రాసింది రెండు వరసల మెట్లున్న హార్ప్సికార్డ్ కోసమే. పియానోలో చిన్న సుత్తి తీగను కొడుతుంది. హార్ప్సికార్డ్‌లో చిన్న ములుకు తీగను మీటుతుంది, బొబ్బిలి వీణ విన్నవారికి ఆ మీటు వెంటనే తెలుస్తుంది. తేడా ఏమిటంటే వీణలో గట్టిగా మీటితే నాదం పెరుగుతుంది. హార్ప్సికార్డ్‌లో మెట్టును ఎంత గట్టిగా నొక్కినా పెరగదు. అందుకే దాన్ని వాయించేవారు ఒక స్వరాన్ని పైకెత్తి చూపాలంటే దాన్ని వెంట్రుకవాసి ఆలస్యం చేస్తారు. గుస్తావ్ లియోన్‌హార్ట్ దగ్గర ఈ విద్యను శ్రద్ధగా వినండి. ఈ వాద్యంతో చేసిన ఈ కాలపు రికార్డింగుల్లో చాలావాటికి శ్రుతి అర మెట్టు తక్కువగా, ఎ 415 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తప్పు శ్రుతి అనుకోకండి.

6. పాత రికార్డింగులకు భయపడొద్దు

గరగర వినగానే మూసేయకండి. వాండా లండోవ్‌స్కా హార్ప్సికార్డ్ మీద వాయించిన 1933 గోల్డ్‌బర్గ్, పియానిస్టు ఆర్తర్ ష్నాబెల్ 1932 నుంచి 1935 దాకా లండన్‌లో చేసిన బీథోవెన్ 32 సొనాటాలు, కోర్తో, తిబో, కసాల్స్ కలిసి 1926లో వాయించిన షూబర్ట్ ట్రయో నిజంగా వినదగ్గవి. అప్పటి ప్లేటుకు ఒక వైపు నాలుగైదు నిమిషాలే పట్టేది. టేపు కత్తిరించి అతికించే వీలు ఇంకా రాలేదు. ష్నాబెల్ రికార్డింగుల్లో తప్పు స్వరాలు వినిపిస్తాయి, వాటితో పాటు ఆ ఉద్వేగమూ వినిపిస్తుంది. మూడు నిమిషాల ప్లేటులో కుదించిన మన పాత రాగాలాపనలు విన్నవారికి ఇదంతా పెద్ద కష్టం కాదు.

ఒకే పాత రికార్డింగు ఇద్దరు ముగ్గురు అప్‌లోడ్ చేసి ఉంటారు. గరగర పూర్తిగా తీసేసినదాన్ని కాక, కొంచెం ఉంచినదాన్ని ఎంచుకోండి. గరగరతో పాటు పియానో మెరుపు కూడా కొట్టుకుపోతుంది. కాపీ చేసి స్నేహితులకు పంపాలంటే చట్టం చూసుకోవాలి. మన దేశంలో సౌండ్ రికార్డింగు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గౌల్డ్ మొదటి గోల్డ్‌బర్గ్ 1956లో వచ్చింది, గడువు దాటింది. రెండోది 1982లో వచ్చింది, దానికి ఇంకా హక్కులున్నాయి.

7. కలిసి వినండి

ఒక నోటు పుస్తకంలో రచన, వాయించినవారు, రికార్డు చేసిన ఏడాది, నిడివి, ఒక వాక్యం అభిప్రాయం రాసుకోండి. ఈ రెండు రచనలూ చేతికొచ్చాక మొజార్ట్ క్లారినెట్ క్వింటెట్ కె 581, షూబర్ట్ ట్రౌట్ క్వింటెట్ డి 667 (క్వింటెట్ అంటే ఐదుగురు వాయించేది) వైపు వెళ్లొచ్చు. నొటేషన్ మీద ఆసక్తి ఉంటే ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఈ స్కోర్లన్నీ ఉచితంగా దొరుకుతాయి.

సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నవారు మీకు తెలిసుంటే ఒక సాయంత్రం ఇంటికి పిలవండి. కమాను ఎక్కడ తిరిగిందో, ఎక్కడ బరువు పెట్టారో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. హైడన్ రెండో భాగాన్ని రెండు రికార్డింగుల్లో, పేర్లు చెప్పకుండా వినిపించి ఎవరికి ఏది నచ్చిందో అడగండి. అందరూ కారణం చెప్పాకే పేర్లు బయటపెట్టండి. గోల్డ్‌బర్గ్‌తో కూడా ఇలాగే చేయొచ్చు, కానీ గౌల్డ్ 1981ది వేస్తే ఆయన గొంతు వినగానే తెలిసిపోతుంది. దాని బదులు పెరాయానూ లియోన్‌హార్ట్‌నూ వేయండి.