పది వాట్ల యాంప్‌తో మంచి బేస్ గిటార్ టోన్ ఎలా తెచ్చుకోవాలి?

కొత్తగా బేస్ గిటార్ కొన్నవాళ్లం దాదాపు అందరం మొదట చేసే పని ఒకటే. యాంప్ (గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) ఆన్ చేసి, 'బేస్' అని రాసున్న నాబ్ పట్టుకుని చివరిదాకా తిప్పేయడం. వాయించేది బేస్ కదా, మరి అదే పెంచాలి కదా అని. నేనూ అదే చేశాను, మా చర్చిలో ప్రతి ఆదివారం, దాదాపు ఏడాది పాటు. వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్లకి బుంయ్ బుంయ్‌మని ఏదో మోగుతున్నట్టు తెలిసేది తప్ప ఏ నోట్ వాయిస్తున్నానో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు, చివరికి మిక్సర్ దగ్గర కూర్చునే అన్న విసుగొచ్చి నా ఛానల్ కిందకి లాగేసేవాడు, నేనేమో నా యాంప్ నాకు వినపడుతోంది కాబట్టి హ్యాపీగా ఊగుతూ వాయించేసేవాణ్ని.

ఆ తర్వాత కొత్త గిటార్ కొనలేదు, పెడల్సూ కొనలేదు. ఉన్నదాంతోనే సౌండ్ మారింది. ఏం చేశానో వరసగా చెప్తాను. మీ దగ్గర ఒక మామూలు బేస్, ఒక చిన్న యాంప్, ఒక మంచి కేబుల్, ఫోన్‌లో ట్యూనర్ యాప్, ఆలన్ కీల సెట్, గిన్నెలు తోమే స్పాంజి ముక్క ఒకటి ఉంటే చాలు. స్పాంజి ఎందుకో కాసేపట్లో చెప్తా.

మొదట తీగలు చూడండి

గిటార్‌తో పాటు వచ్చిన స్ట్రింగ్స్ రెండేళ్లయినా మార్చకుండా 'నా గిటార్‌లో టోన్ లేదు' అనేవాళ్లు చాలామంది. బెజవాడ ఎండల్లో వాయిస్తే చెమట, జిడ్డు అంతా ఆ చుట్టిన తీగ సందుల్లోకి పోయి కూర్చుంటుంది, అప్పుడు నోట్ మొదలయ్యే చోట ఉండాల్సిన ఆ స్పష్టత పోతుంది. కొత్త సెట్ కొనగలిగితే కొనండి, నాలుగు తీగల బేస్‌కి 45-105 గేజ్ (తీగల లావు) అడిగితే ఏ షాపులోనైనా ఇస్తారు. డబ్బులు లేవంటే పాత తీగలు విప్పి, చుట్టగా చుట్టి, నీళ్లలో పది నిమిషాలు మరిగించి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాక మళ్లీ ఎక్కించండి. కొన్నాళ్ల పాటు కొత్తవాటిలాగే మోగుతాయి. పప్పు వండే గిన్నెలో మాత్రం మరిగించకండి, ఇంట్లో గొడవ. రోజూ వాయించాక పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

అలాగని తళతళలాడే సౌండే మంచి టోన్ అని కాదు. 1960లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. ఆయనవి పైన నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు, బ్రిడ్జ్ (తీగల చివర్లు బాడీకి బిగించే చోటు) కవర్ కింద ఒక ఫోమ్ ముక్క ఉండేది, కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతోనే మీటేవాడు, స్టూడియోలో ఎక్కువగా యాంప్ కూడా లేకుండా నేరుగా లైన్‌లోనే రికార్డు చేసేవాళ్లు. ఇప్పుడు ఆ స్పాంజి తీయండి. వేలెడు వెడల్పున కోసి బ్రిడ్జ్ పక్కన తీగల కింద దూర్చండి, తీగకి తగిలీ తగలనట్టు ఉండాలి, గట్టిగా నొక్కకూడదు. సాగిపోయే మోత తగ్గి ప్రతి నోట్ దుబ్ దుబ్‌మని విడివిడిగా పడుతుంది. చవక గిటార్ల మీద ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటిలో చెవికి ఇబ్బందిగా ఉండేదంతా ఆ సాగే మోతలోనే ఉంటుంది.

నెక్ సంగతి

నెక్ అంటే ఎడమచెయ్యి ఆడే పొడుగు భాగం, దాని మీద అడ్డంగా ఉండే లోహపు గీతలే ఫ్రెట్‌లు. తీగ ఫ్రెట్‌లకి తగిలి జిర్రుమంటుంటే ఏ యాంపూ దాన్ని దాచలేదు. ముందు ట్యూన్ చేసుకోండి. తర్వాత లావు తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో నెక్ బాడీకి అతుక్కునే చోట నొక్కి పట్టుకుని, మధ్యలో ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ సందు ఎంతుందో చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే సరే. మరీ ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ని, అంటే నెక్ లోపల ఉండే కడ్డీని, ఆలన్ కీతో గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు బిగించండి, అసలు సందే లేకపోతే దానికి ఎదురు వైపు పావు చుట్టు వదులు చేయండి. మళ్లీ ట్యూన్ చేసి, కాసేపు వదిలేసి చూడండి. గట్టిగా బిగుసుకుపోయి ఉంటే మాత్రం బలం చూపించకండి, రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, రాడ్ విరిగితే గిటార్ కొన్నంత పని అవుతుంది.

పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చేతికి బాగుంటుంది. అదే చోట తీగని ఊరికే ముట్టుకుని హార్మోనిక్ మోగించండి, తర్వాత నొక్కి మోగించండి, ట్యూనర్‌లో రెండూ ఒకటే చూపించాలి. నొక్కిన నోట్ ఎక్కువ చూపిస్తే బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే చిన్న ముక్కని, అంటే శాడిల్‌ని, నెక్‌కి దూరంగా వెనక్కి జరపాలి, తక్కువ చూపిస్తే ముందుకి. వానాకాలం వచ్చినప్పుడు ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఇదంతా మళ్లీ చూసుకోవాలి, చెక్క కదా.

చేతులు

నన్నడిగితే సగం టోన్ ఇక్కడే ఉంది. కుడిచెయ్యి నెక్ వైపు జరిపి మీటితే గుండ్రంగా, మెత్తగా మోగుతుంది, బ్రిడ్జ్ వైపు జరిపితే బిగుతుగా, కాస్త ముక్కుతో మాట్లాడినట్టు. ఒకే నోట్‌ని అటూ ఇటూ జరుగుతూ వాయించి చూడండి, ఒక్క నాబ్ ముట్టుకోకుండా నాలుగైదు రకాల టోన్లు దొరుకుతాయి. ఇంకోటి, గట్టిగా లాగి వాయించకండి. గట్టిగా లాగితే తీగ వెళ్లి ఫ్రెట్‌లని కొట్టుకుంటుంది, ఉండాల్సిన బరువు పోయి టకటకమనే చప్పుడు మిగులుతుంది. యాంప్ వాల్యూమ్ కాస్త పెంచి, వేళ్లు తేలిగ్గా ఆడించండి. ఇది అలవాటవడానికి నాకు నెలలు పట్టింది, డ్రమ్మర్ ఊపు మీద ఉంటే చేతికి తెలీకుండానే కోపం వచ్చేస్తుంది.

ఎడమచేతి వేలు ఫ్రెట్‌కి సరిగ్గా వెనకాల పడాలి, రెండు ఫ్రెట్‌ల మధ్యలో కాదు. వాయించని తీగలు మోగకుండా చూసుకోవాలి: కుడి బొటనవేలు పై తీగ మీద ఆనించి ఉంచండి, ఎడమచేతి ఖాళీ వేళ్లు మిగతావాటి మీద వాల్చి ఉంచండి. మెట్రోనోమ్ 60లో పెట్టుకుని ఒకే నోట్ చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి ఐదు నిమిషాలు వాయించి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఏ వేలు గట్టిగా పడుతోందో వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు నాబ్‌లు

ముందు గిటార్ మీదివి. జాజ్ బేస్ రకం రెండు పికప్‌లది (తీగల కింద ఉండి వాటి మోతని పట్టేవి) అయితే రెండు వాల్యూమ్‌లూ ఫుల్ పెట్టినప్పుడు గుయ్‌మనే హమ్ రాదు, ఒకటి తగ్గిస్తే కొంచెం వస్తుంది, కానీ బ్రిడ్జ్ పికప్ ఎక్కువ ఉంచితే పాటలో ముందుకొస్తుంది. ప్రెసిషన్ రకానిది అయితే టోన్ నాబ్ సగంలో పెట్టి మొదలుపెట్టండి. లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉండే యాక్టివ్ బేస్ అయితే వాయించడం అయ్యాక కేబుల్ పీకేయాలి, ఎందుకంటే చాలావాటిలో జాక్ దూర్చడమే స్విచ్ ఆన్ చేసినట్టు. ఇది తెలీక రాత్రంతా కేబుల్ వదిలేశాను, మర్నాడు ఆరాధన మధ్యలో సౌండ్ గరగరలాడి చచ్చిపోయింది. ఆ టెన్షన్ మీకొద్దు.

యాంప్ దగ్గరికొస్తే, అన్ని నాబ్‌లూ నడిమధ్యలో పెట్టండి. తర్వాత బేస్ నాబ్‌ని కొంచెం తగ్గించండి. అవును, తగ్గించమనే చెప్తున్నా. లావు తీగని నొక్కకుండా మీటితే వచ్చే స్వరం సుమారు 41 హెర్ట్జ్, ఆరు ఎనిమిది అంగుళాల స్పీకర్ దాన్ని సరిగా పలికించలేదు. మనం వినేది దాని మీద వచ్చే 82, 123 లాంటి పై స్వరాలనే, వాటిని బట్టి చెవి అడుగు స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. బేస్ నాబ్ పెంచితే ఆ చిన్న స్పీకర్ చేయలేని పని కోసం ఊగి ఊగి బరబరలాడుతుంది, అంతే. దాని బదులు మిడ్ నాబ్ పెంచండి, గడియారంలో ఒంటిగంట రెండు గంటల దాకా. గదిలో ఒక్కరే ఉన్నప్పుడు ఈ సౌండ్ ఏమంత ముద్దుగా ఉండదు, కటువుగా ఉంటుంది. డ్రమ్స్, కీబోర్డ్ కలిశాక చూడండి, ప్రతి నోట్ బయటికి వస్తుంది. అప్పటికీ వినపడకపోతే కీబోర్డ్ తమ్ముడిని ఎడమచెయ్యి కాస్త పైకి జరుపుకోమని బతిమాలండి, మా దగ్గర సగం గొడవ అదే, ఇద్దరం ఒకే చోట తవ్వుతుంటాం.

యాంప్‌ని గది మూలలో పెడితే గుమ్మని మోగుతుంది, అక్కణ్నించి అడుగు రెండడుగులు ముందుకి జరపండి. ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి చెవి వైపు తిప్పుకుంటే ఇంకా మేలు, లేకపోతే అది మీ మోకాళ్లకే వినిపిస్తుంది. పెద్ద హాల్లో అయితే పొడుగు కేబుల్ పెట్టుకుని జనం కూర్చునే చోటుకి నడిచి వెళ్లి వినండి. 41 హెర్ట్జ్ అల పొడవే ఎనిమిది మీటర్లకి పైగా ఉంటుంది, అందుకే ఒక బెంచీ దగ్గర బాగా వినిపించింది ఇంకో బెంచీ దగ్గర మాయమవుతుంది. హాలుకి వినిపించే పని ఎలాగూ చిన్న యాంప్ వల్ల కాదు, గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డీఐ బాక్స్‌తో మిక్సర్‌కి లైన్ ఇచ్చేసి యాంప్‌ని మీ వరకే ఉంచుకోండి.

హమ్ వస్తుంటే ముందు కేబుల్ మార్చి చూడండి, తర్వాత వేరే సాకెట్‌లో పెట్టి చూడండి. మన ఇళ్లలో చాలాచోట్ల మూడో రంధ్రం పేరుకే ఉంటుంది, వెనక ఎర్త్ వైర్ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించుకోండి. హమ్ పోతుందని ప్లగ్‌కి ఉన్న ఎర్త్ పిన్ పీకేసేవాళ్లని చూశాను, తీగల మీద చేతులేసి ఆడే ఆట అది, చేయకండి.

ఇంట్లో రికార్డ్ చేసుకునేవాళ్లకి ఒక మాట. గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి, గట్టిగా వాయించినప్పుడు కూడా లెవల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే చాలాసార్లు సన్నటి కీచుమోత పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో 30 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేసి, గట్టి నోట్‌లని అణిచే కంప్రెసర్ 4:1 పెట్టి, నాలుగైదు డెసిబెల్స్ మాత్రమే తగ్గేలా ఉంచి, పైన పిసరంత ఓవర్‌డ్రైవ్ (గరుకుదనం) వేయండి, విడిగా వింటే ఉందా లేదా అన్నంత. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసేసి ఫోన్ స్పీకర్లో పాటతో కలిపి వినండి. బేస్ ఏ నోట్ మీద ఉందో అందులోనూ తెలుస్తోందంటే మిక్స్ సేవ్ చేసుకోండి, తెలియకపోతే మళ్లీ మిడ్ నాబ్ దగ్గరికి వెళ్లండి.