పాయింట్ టూటూ (.22) టార్గెట్ రైఫిల్ కొనేముందు చూసుకోవాల్సినవి

"బాబాయ్, యాన్‌షుట్జ్ తీసుకోనా, వాల్తర్ తీసుకోనా?" అని షూటింగ్ రేంజ్‌లో కుర్రాళ్లు రైఫిల్ కంపెనీల పేర్లు చెప్పి అడుగుతుంటారు. ముందు లైసెన్స్ వచ్చిందా అని అడుగుతాను నేను. లైసెన్స్ అడిగేది 1959 నాటి ఆయుధాల చట్టం. విశాఖలో దరఖాస్తు వెళ్లేది పోలీస్ కమిషనర్ దగ్గరికి. ఆ కాగితం చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఈలోగా క్లబ్ రైఫిల్‌తో ప్రాక్టీస్ చేస్తే మీ ఒంటికి ఏది కుదురుతుందో తెలుస్తుంది.

50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్లిచ్చే మధ్య వృత్తం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. దాదాపు షర్టు గుండీ అంత. తూటా వ్యాసం 5.6. దాని అంచు గీతను తాకినా పదే ఇస్తారు. అంటే తూటాల మధ్యబిందువులన్నీ 16 మిల్లీమీటర్ల వృత్తంలో పడితే చాలు. అదీ రైఫిల్ ఒక్కదానికే ఇచ్చేస్తే మీ వణుకుకి చోటెక్కడ? అందుకే టేబుల్ మీద ఆన్చి కొట్టినప్పుడు గ్రూప్, అంటే ఒకే గురితో కొట్టిన రౌండ్లు పరుచుకున్న మేర, ఇందులో సగానికి మించకూడదంటాను. అమ్మేవాళ్లు మూడు రౌండ్ల గ్రూప్ చూపించి మురిసిపోతారు. మూడు రౌండ్లు ఏ రైఫిల్ అయినా ఒకచోట పెడుతుంది. పదేసి రౌండ్ల గ్రూపులు వరసగా కొట్టించండి.

ఒక రకం తూటాతో తీర్పు చెప్పకండి. ఎలీ కంపెనీ తూటాలు చెదరగొట్టే బ్యారెల్ లపువా కంపెనీవాటితో ఒకే రంధ్రం చేయొచ్చు. ఒకే కంపెనీలో లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) మారినా తేడా వస్తుంది. పెట్టె మీద లాట్ నంబర్ ఉంటుంది, రాసుకోండి. నచ్చిన లాట్ దొరికితే లైసెన్స్ కోటా ఒప్పుకున్నంత కొనేయండి. హైవెలాసిటీ రకాల జోలికి వెళ్లొద్దు. అవి ధ్వని వేగం దాటి బయల్దేరి, దారిలో ఆ వేగం కిందికి దిగేటప్పుడు కుదురు తప్పుతాయి. మ్యాచ్ తూటాలు మొదటినుంచీ ధ్వని వేగానికి కిందే ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ అయితే బోల్ట్ (తూటాను లోపలికి తోసే వెనక కడ్డీ) తీసేసి, లోపల రౌండ్ లేదని చూసుకున్నాక, బ్యారెల్ మూతి చుట్టూ దూది తిప్పండి. పోగు చిక్కుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే. తర్వాత చాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచు చూడండి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే అలవాటున్నవాళ్ల రైఫిళ్లలో ఫైరింగ్ పిన్ కొట్టుకుని అక్కడ సొట్ట పడుతుంది, ఖాళీ కేసు బయటికి రావడానికి మొరాయిస్తుంది. బ్యారెల్ భాగాన్ని స్టాక్‌కి (చేత్తో పట్టి భుజానికి ఆనించే భాగానికి) బిగించే స్క్రూలు వదులైతే గ్రూప్ రోజుకోచోటికి జరుగుతుంది. కొందరు దానికి సైట్‌ను (గురి చూసే భాగాన్ని) తిట్టుకుంటారు! ట్రిగ్గర్ మరీ తేలిగ్గా ఉండక్కర్లేదు, ప్రతిసారీ ఒకేచోట విడిపోవాలి.

కొలతల విషయంలో మొహమాటం వద్దు. కళ్లు మూసుకుని చెంప ఆనించి, తెరవగానే వెనక పీప్ సైట్ (చిన్న రంధ్రం ఉండేది) మధ్యలో ముందు రింగ్ కనబడాలి. మెడ చాపాల్సి వస్తే చెంపపట్టీ, బట్‌ప్లేట్ (భుజానికి ఆనే పలక) జరిపి చూడండి. జరిపినా కుదరకపోతే వదిలేయండి. ఎడమచేతివాటం వాళ్లు కుడిచేతి రైఫిల్ చవకగా వచ్చిందని సర్దుకుంటారు. ప్రోన్‌లో (బోర్లా పడుకుని కొట్టేటప్పుడు) ఎలాగో నెట్టుకొస్తారు గానీ ప్రతి రౌండ్‌కీ బోల్ట్ లాగడానికి చెయ్యి మార్చుకుంటుంటే పొజిషన్ కదిలిపోతుంది. మూడు పొజిషన్ల (మోకాలి మీద, పడుకుని, నిలబడి) పోటీకైతే అన్నీ తగిలించాక కూడా రైఫిల్ బరువు 8 కిలోలు దాటకూడదు.

డబ్బు తక్కువుంటే సీజెడ్ 457 లాంటి చవక రైఫిల్ తీసుకుని, మిగిలింది తూటాలకు పెట్టండి. ఖరీదైన రైఫిల్ కొనేసి తూటాలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

సముద్రం ఒడ్డున ఉన్నాం కాబట్టి ఇంకొకటి. రేంజ్ నుంచి రాగానే రైఫిల్‌ని ఫోమ్ పెట్టెలో పెట్టి మూసేయకండి, ఫోమ్ తేమ పట్టి ఉంచుతుంది. పైన నూనెగుడ్డతో తుడిచి, తాళం ఉన్న ఇనప బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో నిలబెట్టండి. వానాకాలంలో ఆ పొట్లాలు తరచూ మార్చాలి.