చెరువు గట్టు మీద పదిహేను నిమిషాలు: చుట్టూ ఉన్న ప్రకృతితో చుట్టరికం కలుపుకోవడం ఎలా?

ఉడుపుల రోజుల్లో పొలం గట్టు మీద నడుస్తుంటే ఖాళీ నత్తగుల్లలు కాళ్ళకి తగులుతాయి. ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. గుల్ల పెద్దగా పగిలి ఉండదు, లోపల నత్త మాత్రం ఉండదు. అది నత్తగుల్ల కొంగ పని. ఆ కొంగ ముక్కు మూసుకున్నా మధ్యలో సందు కనిపిస్తుంది. కింది ముక్కు మొనను గుల్లలోకి దూర్చి, కండ కోసి, నత్తను బయటికి లాగేస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు ముక్కులో ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది.

టెక్కలి దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. అన్నేళ్ళూ ఆ గుల్లల్ని తొక్కుకుంటూనే తిరిగాను. తెలిశాక మా పొలంలోకి కొంగ దిగితే ఆగి చూడకుండా ఉండలేకపోతున్నాను.

అడవిని, జంతువుల్ని కాపాడాలని అందరం అంటాం. ముఖపరిచయం లేనివాళ్ళ కోసం ఎవరం ఎంతని పాటుపడతాం? అందుకే ముందు పరిచయం కావాలి. దానికి డబ్బు అక్కర్లేదు, కెమెరా అక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండేవాళ్ళు ఎలా మొదలుపెట్టవచ్చో, నాకు పనికొచ్చిన వరుసలోనే చెబుతాను.

మొదటి అడుగు: ఒక్క చోటు ఎంచుకోండి

ఇంటి నుంచి పది నిమిషాల్లో నడిచి వెళ్ళగలిగే చోటు అయితే చాలు. ఊరి చెరువు గట్టు, గెడ్డ ఒడ్డు, పాత చింతచెట్టు ఉన్న కళ్ళం, ఏదైనా సరే. విజయనగరంలో ఉంటే పెద్ద చెరువు గట్టు ఉంది. శ్రీకాకుళంలో ఉంటే నాగావళి ఒడ్డు ఉంది. అపార్ట్‌మెంట్ వాళ్ళకి వేపచెట్టు కనిపించే మేడ కూడా పనికొస్తుంది. నీళ్ళు గానీ ముసలి చెట్టు గానీ ఉంటే మేలు, చూడ్డానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది.

చోటు మాత్రం మార్చకండి. వారానికో కొత్త ప్రదేశం తిరిగితే ఫొటోలు మిగులుతాయి. ఒకే గట్టుకి ఏడాది పాటు వెళ్తే, నిన్న లేనిది ఇవాళ వచ్చిందని, పోయినేడు వచ్చినది ఈ ఏడు రాలేదని మీకే తెలుస్తుంది.

రెండో అడుగు: కదలకుండా కూర్చుని, ఒక నోట్‌బుక్‌లో రాయండి

వారానికి రెండుసార్లు, పొద్దున్నే, పదిహేను నిమిషాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మీరు వెళ్ళగానే పిట్టలు సద్దుమణుగుతాయి. నాలుగైదు నిమిషాలు కదలకపోతే మిమ్మల్ని మర్చిపోయి వాటి పని అవి చేసుకుంటాయి. చాలామంది ఆ నాలుగు నిమిషాలు ఓపిక పట్టలేక, "ఇక్కడేం లేదు" అని లేచిపోతారు.

తేదీ, టైము, వాన, నీటి మట్టం, కనబడినవి, అవి ఏం చేస్తున్నాయి, ఇంత రాస్తే చాలు. నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది: "ఉదయం 6.10. రాత్రి వాన పడింది. మదుం దగ్గర నీళ్ళు ఒక మెట్టు పెరిగాయి. నీళ్ళ మీదకి వంగిన ఈతచెట్టుకి గిజిగాళ్ళ గూళ్ళు ఏడు. రెండు సగమే కట్టి ఉన్నాయి. మగపిట్ట తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటోంది."

ఆ సగం గూళ్ళు చూసి, కట్టలేక వదిలేశాయనుకున్నాను. వారం పాటు వరసగా చూస్తే గానీ అర్థం కాలేదు. గూడు కట్టేది మగది. సగం కట్టి ఆడపిట్టలకి చూపించుకుంటుంది. ఆడది వచ్చి, లోపల కూర్చుని, చూసుకుని, నచ్చితేనే మగది మిగతా సగమూ, కిందికి వేలాడే గొట్టమూ పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే సగంలో ఆగిపోతుంది. ఇది ఏ వీడియోలోనైనా దొరుకుతుంది, కాదనను. కానీ మన ఈతచెట్టు మీద, మన కళ్ళతో చూసిన తర్వాత, ఆ చెట్టు కొట్టేస్తామని ఎవరైనా అంటే ఊరుకోలేం.

మూడో అడుగు: పేర్లు అడిగి తెలుసుకోండి

ముందు యాప్ తెరవకండి. పశువులు కాసినవాళ్ళని, వల వేసేవాళ్ళని, తాడిచెట్టు ఎక్కేవాళ్ళని అడగండి. "తాతా, ఈ పిట్టనేమంటారు?" అంటే పేరుతో పాటు అది ఏ కార్తెలో వస్తుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఇదివరకు ఎన్ని ఉండేవి అన్నీ చెబుతారు. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు ఉంటుంది. మీ ఊరి పేరే రాసుకోండి. ఆ పెద్దలు వెళ్ళిపోతే ఆ పేర్లూ వాళ్ళతోనే పోతాయి.

తర్వాత మెర్లిన్ అనే ఉచిత యాప్ వాడండి. పిట్ట కూత వినిపిస్తే ఏ పిట్టో చెబుతుంది. ఒక్కోసారి తప్పు కూడా చెబుతుంది కాబట్టి కంటితో చూశాకే ఖాయం చేసుకోండి. చూసిన లెక్కని ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే అది శాస్త్రవేత్తలకి అందుతుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా కలిసి పక్షుల్ని లెక్కపెడతారు. ఏదో ఒక చోట పదిహేను నిమిషాలు నిలబడి లెక్కపెడితే మీరూ అందులో ఉన్నట్టే.

పేర్ల విషయంలో మన దగ్గర ఒక పొరపాటు బాగా పాతుకుపోయింది. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, తేలుకుంచి ఊళ్ళకి వచ్చే పక్షుల్ని అందరం సైబీరియా పక్షులనే అంటాం. సైబీరియా వైపు నుంచి శీతాకాలంలో మన దేశానికి వచ్చే పక్షులు ఇక్కడ గూడు కట్టవు. తిండి కోసం వచ్చి, పిల్లల్ని కనడానికి తిరిగి అక్కడికే పోతాయి. మన చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచేవి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు. ఇవి మన దేశపు పక్షులే. అంటే పుట్టింటికి పురుటికి వచ్చిన ఆడపిల్లల్లాంటివి. మన చెట్టు కూలితే వాటి కాన్పు ఎక్కడ జరగాలి?

నాలుగో అడుగు: పక్షుల ఊళ్ళకి వెళ్ళండి, దూరంగా నిలబడండి

నత్తగుల్ల కొంగల కోసం ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో వెళ్ళాలి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగల కోసం టెక్కలి దగ్గర తేలినీలాపురానికి చలికాలంలో వెళ్ళాలి. పిల్లలతో వెళ్తే గూడబాతు మేత పెట్టడం తప్పక చూపించండి. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి పూర్తిగా దూర్చేసి చేపలు తింటుంది. మొదటిసారి చూసినవాళ్ళు తల్లే పిల్లని మింగేస్తోందేమోనని కంగారు పడతారు.

కొట్టొచ్చినట్టు కనిపించే రంగుల బట్టలు, డ్రోన్లు, లౌడ్ స్పీకర్ పాటలు వద్దు. చెట్టు కిందకి వెళ్ళొద్దు. బెదిరిన పక్షి లేస్తే గూట్లోని గుడ్లు, పిల్లలు కాకులకి, గద్దలకి దొరికిపోతాయి.

ఇది నా తప్పు వల్ల నేర్చుకున్నాను. ఒక ఎండాకాలం మా చెరువు ఎండిన చోట తీతువు పిట్ట నా మీదుగా ఎగురుతూ ఒకటే అరుపు. తీతువు అరిస్తే అపశకునమని చిన్నప్పటి నుంచి విన్నదే. ఎందుకు అరుస్తోందో చూద్దామని ముందుకు వెళ్ళాను. రాళ్ళ మధ్యలో, రాళ్ళ రంగులోనే నాలుగు గుడ్లు. గూడంటూ లేదు, వట్టి నేల మీద చిన్న గుంట. ఫోన్ తీసి నాలుగైదు ఫొటోలు తీసుకున్నాను. నేను పక్కకి వచ్చి నిమిషం కాలేదు, నన్ను చూస్తూ కూర్చున్న కాకి అక్కడ దిగింది. సాయంత్రానికి రెండే గుడ్లు మిగిలాయి. ఆ పిట్ట అరిచింది నాకు కీడు జరుగుతుందని కాదు, తన పిల్లల జోలికి రావద్దని. ఇప్పుడు గూడు కనబడితే వెంటనే వెనక్కి తిరిగి వచ్చేస్తాను.

చచ్చిన పక్షులు వరసగా కనిపిస్తే ముట్టుకోకుండా వెంటనే అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి. తేలినీలాపురంలో 2022 మొదట్లో గూడబాతులు పదుల సంఖ్యలో చనిపోయాయి. పరీక్ష చేస్తే వాటి కడుపులో పరాన్నజీవి పురుగులు బయటపడ్డాయి. ఇలాంటివి ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది. అందుకే మీ బీట్ ఆఫీసర్ నంబరు ఇవాళే అడిగి ఫోన్‌లో వేసుకోండి.

ఐదో అడుగు: సముద్రం ఒడ్డున తాబేలు కోసం

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. వెనక కాళ్ళతో అడుగున్నర లోతు గుంట తవ్వి, ఇంచుమించు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. కంటి నుంచి నీళ్ళు కారుతుంటే ఏడుస్తోందంటారు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది అలా బయటికి పంపుతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు ఎక్కువ పుడతాయి.

తీరానికి దగ్గరలో ఉంటే ఈ సీజన్‌లో ఒడ్డున ఉన్న లైట్లు రాత్రి ఆర్పేయండి. పిల్లలు వెలుగు ఎటుంటే అటు పోతాయి. సముద్రం వైపు పోవాల్సినవి రోడ్డు మీదకి వచ్చేస్తాయి. గుడ్లని సేకరించి పొదిగించే హేచరీలు ఉన్నచోట పిల్లల్ని వదిలే రోజు కనుక్కుని కుటుంబంతో వెళ్ళండి. చేత్తో తీసి నీళ్ళలో వేయొద్దు, ఇసుక మీద వాటంతట వాటినే నడవనివ్వండి.

ఒడ్డుకి కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ళు చాలావరకు వలల్లో ఊపిరాడక పోయినవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది గానీ, తాబేళ్ళు అంతకు ముందే వచ్చేస్తాయి. మత్స్యకారుల్ని తిట్టి లాభం లేదు. వలలో పడిన తాబేలుని వదలడానికి వల కోసుకుని నష్టపోయేది వాళ్ళే. వాళ్ళకి తోడు నిలబడాలి. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దండం పెట్టుకునే జిల్లా మనది. అక్కడి నక్షత్ర తాబేళ్ళని చూసి ముచ్చటపడి, అలాంటిదాన్ని ఇంట్లో పెంచుకుందామని కొనొద్దు, అది నేరం. రామచిలుకని పంజరంలో పెట్టడమూ నేరమే.

ఆరో అడుగు: భయం ఉందని ఒప్పుకోండి, జాగ్రత్త నేర్చుకోండి

ఉద్దానంలో తెల్లారకుండా జీడితోటకి వెళ్ళే మనిషికి ఎలుగుబంటి అంటే ప్రేమ కలగాలని చెప్పడం అన్యాయం. ఎలుగు దాడిలో మనుషులు పోయారు, కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ కుటుంబాల బాధని పక్కనపెట్టి సంరక్షణ గురించి మాట్లాడకూడదని నా గట్టి నమ్మకం.

చేయగలిగినవి ఇవి. చీకట్లో ఒంటరిగా వెళ్ళొద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళాలి. ఎలుగుకి చూపు అంతంత మాత్రం, మనిషి వస్తున్నట్టు దానికి ముందే తెలిస్తే తప్పుకుంటుంది, ఎదురుపడి ఉలిక్కిపడితేనే మీద పడుతుంది. కుళ్ళిన పనసపళ్ళు, జీడిమామిడి పళ్ళు ఇళ్ళ దగ్గర పోగుపెట్టొద్దు. ఊళ్ళోకి వస్తే గుంపుగా వెంటపడి నాలుగు వైపులా మూసేయొద్దు, పారిపోవడానికి ఒక వైపు వదలాలి. సెల్ఫీల కోసం దగ్గరికి వెళ్ళేవాళ్ళని ఇంట్లోవాళ్ళే ఆపాలి.

పాముల సంగతి క్లుప్తంగా. జెర్రిపోతుకి విషం లేదు, పొలంలో ఎలుకల్ని తింటుంది. గిరినాగు తినేది ఎక్కువగా వేరే పాముల్నే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరలని గుర్తుపట్టడం నేర్చుకోండి. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పి కూడా తెలియకపోవచ్చు. మంచం, దోమతెర వాడండి. ఏ పాము కరిచినా మంత్రం వద్దు, నాటు మందు వద్దు, 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి.

ఏడో అడుగు: నోట్‌బుక్‌ని పంచాయతీకి తీసుకెళ్ళండి

ఏడాది గడిచేసరికి మీ దగ్గర ఒక లెక్క ఉంటుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ, మున్సిపాలిటీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్ళోని చెట్లు, పక్షులు, చేపలు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. మీ కార్యదర్శిని ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. లేకపోతే మొదలుపెట్టమనండి, మీ నోట్‌బుక్ జిరాక్స్ ఇవ్వండి. బడిలో టీచర్‌కి ఇంకో కాపీ ఇచ్చి, పిల్లల్ని నెలకోసారి గట్టు మీదకి పంపమనండి.

ఇది కాగితం పని అనుకోకండి. సోంపేట దగ్గరి బీలని, అంటే చిత్తడి నేలని, అధికారుల కాగితాలు పనికిరాని భూమిగా చూశాయి. అక్కడ చేప పట్టేవాళ్ళకి, గడ్డి కోసేవాళ్ళకి, ఆ నీళ్ళతో పండించుకునేవాళ్ళకి అందులో ఏముందో ఒక్కొక్కటీ తెలుసు. అందుకే థర్మల్ ప్రాజెక్టు వస్తుందంటే ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ప్రాజెక్టుకి ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. బీల మిగిలింది.

మీ చెరువుకీ ఎప్పుడో ఒకసారి పూడ్చేద్దామనే మాట వస్తుంది. గ్రామసభలో ఎవరైనా లేచి, "అక్కడ ఏముందని?" అంటారు. అప్పుడు చదవడానికి వీలుగా నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఖాళీగా వదలండి. ఏడాది చివర అక్కడ చూసిన వాటి పేర్లన్నీ వరసగా, మీ ఊరి మాటలోనే రాయండి. మా చెరువుది యాభై మూడు దగ్గర ఉంది. ఈ వారం గుర్రపుడెక్క తీసిన మూల నుంచి ఒక నీటికోడి నల్లటి పిల్లల్ని నాలుగింటిని వెంటేసుకుని బయటికొచ్చింది.